అన్నయ్య గ్రాఫిక్స్ కార్డు తీసి ఇమ్మంటున్నాడు, అదేమో ఊడి రావడం లేదు

ప్రశ్న

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 24 ఏళ్లు. ఒకపక్క గ్రూప్-2కి చదువుకుంటూ, ఇంకోపక్క ఊళ్లోని రెండు ప్రింటింగ్ ప్రెస్‌లకు ఇంటి నుంచే డీటీపీ చేసి పెడుతున్నారు. ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్ కావడంతో శుభలేఖల పని చేతినిండా ఉంది. కంప్యూటర్ మాత్రం అన్నయ్యది. 2022లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు గేమ్స్ కోసం, వీడియో ఎడిటింగ్ కోసం విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్నాడు. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. కిందటేడు ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్తూ దాన్ని ఇంట్లో వదిలి వెళ్లాడు.

ఇప్పుడు అన్నయ్యకు డబ్బు అవసరం పడింది. పాత రూమ్మేట్ ఒకతను కార్డు కొంటానన్నాడు, వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తాడట. ‘రెండు స్క్రూలు విప్పి లాగెయ్, ఐదు నిమిషాల పని. తర్వాత మానిటర్ వైరు మదర్‌బోర్డుకున్న హెచ్‌డీఎంఐకి పెట్టుకో’ అని అన్నయ్య వీడియో కాల్‌లో చెప్పాడు. నాన్నగారు మాత్రం ‘వేలు పోసి కొన్న వస్తువు, నువ్వు చెయ్యి పెట్టకు’ అన్నారు. ఆయన ఇంట్లో లేనప్పుడు ఆమె గోడ స్విచ్ ఆపి, క్యాబినెట్ తెరిచి, స్క్రూలు విప్పి కార్డు లాగారు. వెనకవైపు కాస్త లేచింది, ముందువైపు పట్టేసింది. ఇంకాస్త గట్టిగా లాగితే ‘టక్’మంది. భయపడి మళ్లీ లోపలికి నొక్కి స్క్రూలు బిగించేశారు. కంప్యూటర్ ఆన్ అయింది, వారం నుంచి మామూలుగానే నడుస్తోంది. కానీ విషయం తెలిసి నాన్నగారు కోప్పడ్డారు, అన్నయ్యేమో ‘ఇంత చిన్న పని చేతకాదా’ అన్నాడు. షాపు అతను ఇంటికొచ్చి తీయడానికి 500 రూపాయలు అడిగి, తర్వాత ఏమైనా అయితే తన పూచీ లేదన్నాడు.

ఆమె అడిగినవి ఇవి: ఏమైనా విరగ్గొట్టానా? కార్డును జాగ్రత్తగా తీయడం ఎలా? అసలు తీయనా, వద్దా? ఉత్తరం చివర ఇంకో మాట కూడా ఉంది: ‘క్యాబినెట్ ముట్టుకుంటే అప్పుడప్పుడు చెయ్యి జివ్వుమంటుంది. అది మామూలేనా?’

సమాధానం

అమ్మా, ముందు ఆ ‘టక్’ సంగతి తేల్చేద్దాం. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. కార్డు మళ్లీ పెట్టాక డిస్‌ప్లే వచ్చింది, వారం నుంచి పని సాగుతోంది అంటున్నారు కాబట్టి కార్డుకు గానీ స్లాట్‌కు గానీ (మదర్‌బోర్డు మీద కార్డు దిగే గాడికి) పెద్ద దెబ్బ తగిలి ఉండదు. మీరు లాగుతున్నప్పుడు అడ్డుపడింది స్లాట్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ లాక్. కార్డు అడుగున కొక్కెంలాంటి ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని ఆ లాక్ పట్టుకుంటుంది. గడియ తీయకుండా తలుపు లాగినట్టు అయింది మీ పని. అన్నయ్య స్క్రూల గురించి చెప్పాడు గానీ దీని మాట చెప్పలేదు. రోజూ చేసేవాళ్ల వేలు దాని మీదికి దానంతటదే వెళ్లిపోతుంది, అందుకే చెప్పాలని తోచదు.

ఆ శబ్దం లాక్ సగం తెరుచుకుని మళ్లీ పడినప్పుడు వచ్చి ఉండొచ్చు. లేదా లాక్ ప్లాస్టిక్ విరిగి ఉండొచ్చు. విరిగినా కొంప మునగదు. దాని పని కార్డును పట్టి ఉంచడమే, అందులో కరెంటు పారదు. లాక్ విరిగిన స్లాట్లతో ఏళ్ల తరబడి నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. వెనక స్క్రూలు గట్టిగా ఉంటే కార్డు నిలబడుతుంది. చూసుకోవలసింది స్లాట్‌నే. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఫోన్ టార్చ్ వేసి చూడండి. నల్లటి పొడుగాటి స్లాట్ బోర్డుకు అంతటా అంటుకునే ఉందా, ఒక చివర పైకి లేచిందా? లేచి ఉంటే ఇక మీరు చెయ్యి పెట్టకండి, అది రిపేర్ చేసేవాళ్ల పని. అంటుకుని ఉంటే నిశ్చింతగా ఉండండి.

ఇంకోటి చూడాలి. సగమే కూర్చున్న కార్డు కూడా ఒక్కోసారి డిస్‌ప్లే ఇస్తుంది. కార్డు అంచున ఉండే బంగారు రంగు పళ్లు స్లాట్ పైన ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ కనిపిస్తున్నాయంటే అది వంకరగా కూర్చుందన్నమాట. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసి చూసినా తెలుస్తుంది. అందులో బస్ ఇంటర్‌ఫేస్ అన్న చోట @ గుర్తు తర్వాత ఎక్స్16 అని ఉండాలి. ఎక్స్8 అనో ఎక్స్4 అనో చూపిస్తే కార్డు పూర్తిగా దిగలేదని అనుమానించాలి. అమ్మబోయే వస్తువు కాబట్టి ఈ పరీక్ష ఎలాగూ చేసి ఉంచుకోవడం మంచిది.

ఇక అసలు చిక్కు మీరు అడిగినదాంట్లో లేదు, మీ ప్రాసెసర్ పేరు చివర ఉంది. 12400 పక్కనున్న ‘ఎఫ్’ అక్షరానికి ఇంటెల్ వాళ్ల దగ్గర అర్థం, ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేవని. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ ఉన్న మాట నిజమే. కానీ దానికి బొమ్మ పంపాల్సింది ప్రాసెసరే. మీ ప్రాసెసర్ పంపలేదు. కార్డు తీసి వైరు అక్కడ పెడితే నల్లటి తెర తప్ప ఏమీ రాదు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అంటుంది. అప్పుడు మీరు ‘ఆ టక్ వల్లే పాడైంది’ అనుకుని ఇంకా కుంగిపోయేవారు. అన్నయ్య దీన్ని మర్చిపోయి ఉంటాడు. గేమ్స్ కోసం కొనేవాళ్లు ఎలాగూ కార్డు వేస్తాం కదా అని, కొంచెం చవగ్గా వచ్చే ఎఫ్ రకం తీసుకోవడం మామూలే.

కాబట్టి ఆదివారం కార్డు ఇచ్చేస్తే సోమవారం నుంచి మీ డీటీపీ ఆగిపోతుంది. ఈ మాట అన్నయ్యకు ఈరోజే చెప్పండి. ‘నాకు రాదు’ అని కాకుండా ‘కార్డు తీస్తే డిస్‌ప్లే రాదు, ఇది ఎఫ్ ప్రాసెసర్’ అని చెప్పండి. చెప్పగానే అతనికే అర్థమవుతుంది. కార్డు అతనిదే, అమ్ముకునే హక్కూ అతనిదే. కానీ ఆ కంప్యూటర్ మీద ఇప్పుడు బతుకుతున్నది మీ పని. రెండిట్లో ఒకటి కాదనాల్సిన పని లేదు, దారులు ఉన్నాయి.

అందులో నాకు బాగా కుదురుతుందనిపించేది, 3060 తీసే ముందే దాని స్థానంలోకి ఒక చిన్న కార్డు తెచ్చుకోవడం. శుభలేఖలకు, పేజీ మేకప్‌కు ఆర్‌టీఎక్స్ 3060 అక్కర్లేదు. జీటీ 1030 లాంటిది సరిపోతుంది. దానికి విడిగా పవర్ వైరు కూడా పెట్టక్కర్లేదు, 30 వాట్లే తింటుంది, స్లాట్ నుంచే తీసుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. మరీ పాత కార్డులు కొత్త బోర్డుల మీద మొరాయిస్తాయి కాబట్టి షాపులో మీ బోర్డు మోడల్ చెప్పి, డిస్‌ప్లే రాకపోతే వాపసు తీసుకుంటారా అని అడిగి కొనండి. మీ మానిటర్ వైరు ఏ రకమో, కార్డుకు ఆ పోర్టు ఉందో లేదో కూడా చూసుకోండి. దీనికయ్యే డబ్బు 3060 అమ్మిన సొమ్ములోంచి తీయమని అన్నయ్యను నిస్సంకోచంగా అడగండి. అతని వస్తువు అతనికి వెళ్తోంది, మీ పని ఆగకుండా చూడ్డం ఆ బేరంలో ఖర్చే. అడగడానికి మొహమాటపడితే ఆ ఖర్చు మీ శుభలేఖల సంపాదన మీద పడుతుంది.

రెండో దారి సీజన్ అయ్యేదాకా ఆగమనడం. దానివల్ల మీకు నష్టం లేదు, అతనికి కొంత ఉంటుంది. 3060 వచ్చింది 2021లో. తర్వాత 2023లో 4060, 2025లో 5060 వచ్చేశాయి. పాత కార్డు ధర నెలలు గడిచే కొద్దీ సాధారణంగా దిగుతుంది. పైగా దొరికిన కొనుగోలుదారు మనసు మార్చుకోవచ్చు. అతని అవసరం ఎంత తొందరదో మీరే మాట్లాడి తెలుసుకోవాలి. ఫీజు కట్టే గడువు లాంటిదైతే ఆగమనడం కష్టం.

ఎఫ్ లేని 12400 ప్రాసెసర్ వేసుకోవచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. ఇవ్వనివ్వండి. దానికి కూలర్ విప్పాలి, పేస్ట్ పూయాలి, సాకెట్‌లోని పిన్నుల జోలికి పోవాలి. కార్డు మార్చడం కంటే ఎక్కువ ఖర్చు, ఎక్కువ ప్రమాదం. వదిలేయండి.

షాపు అతన్ని పిలవడం కూడా తప్పు దారేం కాదు. 500 ఇచ్చి మీ ఎదురుగా తీయించుకుంటే ఒక్కసారి చూస్తారు, తర్వాత మీకే వచ్చేస్తుంది. పూచీ లేదనడం చాలామంది అనే మాటే, దానికి నొచ్చుకోవద్దు. అతను చెయ్యి పెట్టక ముందు కంప్యూటర్ నడుస్తున్నట్టు ఫోన్‌లో వీడియో తీసుకోండి, చాలు. క్యాబినెట్‌నే షాపుకు తీసుకెళ్లేట్లయితే బండి మీద నిలబెట్టి పట్టుకెళ్లకండి. బరువైన కార్డు ప్రతి గుంతకూ ఊగి స్లాట్‌ను గుంజుతుంది. ఆటోలో, మదర్‌బోర్డు అడుగు వైపుకు వచ్చేలా పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

అయినా మీ ఉత్తరం చదివాక ఈ పని మీరే చేయగలరనిపించింది. గట్టిగా లాగి ‘టక్’మనగానే ఆగిపోయారు చూడండి, అది మంచి లక్షణం. చాలామంది ఆ శబ్దం తర్వాత ఇంకాస్త లాగి స్లాట్ ఊడగొట్టుకుంటారు. మీరే చేసేట్లయితే ఇలా చేయండి.

ముందురోజు రాత్రి మీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. అలాగే బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) సంగతి చూడండి. విండోస్ 11లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, కార్డు మారాక ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది, మీ కంప్యూటర్‌కైతే బహుశా అన్నయ్య అకౌంట్‌లో. మనకు పగలు పది గంటలైతే డల్లాస్‌లో రాత్రి పదిన్నరో, పదకొండున్నరో. కీ కోసం అప్పుడు నిద్ర లేపే కంటే ముందే ఫొటో పంపించమనండి.

ఇంకా కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే కార్డు నడుస్తున్నట్టు ఒక వీడియో తీసి ఉంచుకోండి. జీపీయూ-జెడ్‌లో కార్డు పేరు, తెర మీద ఒక వీడియో ఆడుతుండటం, చివర్లో కార్డు మీది స్టిక్కర్ నంబరు కనబడితే చాలు. స్టిక్కర్ కార్డు తీశాక గానీ కనిపించకపోవచ్చు, అప్పుడు ఆ ముక్క విడిగా తీయండి. రేపు రూమ్మేట్ ఇంటికెళ్లాక డిస్‌ప్లే రాలేదంటే మాట మీ మీదికి రాకుండా ఇదే అడ్డుపడుతుంది. స్నేహితుల మధ్య బేరం కాబట్టే మరీ అవసరం.

మీరు పోయినసారి గోడ స్విచ్ ఆపి పని మొదలుపెట్టారు. అది చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగ్ తారుమారై స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది, స్విచ్ ఆపినా ఫేజ్ లోపలికి వస్తూనే ఉంటుంది. యూపీఎస్ ఉంటే గోడ స్విచ్ ఆపినా అది బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తూనే ఉంటుంది. కాబట్టి కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) మీదున్న స్విచ్ ఆపి, పవర్ కేబుల్‌నే క్యాబినెట్ నుంచి ఊడదీయండి. తర్వాత క్యాబినెట్ ముందున్న పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కాస్త కరెంటు దిగిపోతుంది. ఒక్క క్షణం ఫ్యాన్ కదిలి ఆగితే జడుసుకోవద్దు, అది దిగిపోవడమే. మదర్‌బోర్డు మీద ఏదైనా లైటు వెలుగుతుంటే అది ఆరిపోవాలి. అప్పటిదాకా పని చేసి ఉంటే పావుగంట చల్లారనివ్వండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. అందులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ప్లగ్ తీశాక కూడా కాసేపు ఉంటుంది.

ఇక్కడే మీ జివ్వుమనే ప్రశ్న వస్తుంది. అది మామూలు కాదు, కానీ మన ఇళ్లలో మామూలైపోయింది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు గందరగోళాన్ని వడకట్టే కెపాసిటర్లు ఉంటాయి, వాటి రెండో కొస ఎర్త్‌కు, అంటే క్యాబినెట్ ఇనుముకు కలిపి ఉంటుంది. మూడో పిన్నుకు ఎర్త్ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీదే తేలుతూ ఉంటుంది. మీటరు పెడితే 230లో సగం దాకా చూపించొచ్చు, కరెంటు మాత్రం చాలా తక్కువ కాబట్టి మనకు జివ్వుమని ఊరుకుంటుంది. అలాగని వదిలేయకండి. ఎర్త్ లేని ఇంట్లో నిజంగా ఏదైనా వైరు ఊడి క్యాబినెట్‌కు తగిలితే ఆ కరెంటు పోవడానికి దారి మీరే అవుతారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో చూపించండి. షాపు అతనికి ఇచ్చే 500 కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది. అదయ్యేదాకా కరెంటు ఉండగా మానిటర్ వైరు పీకడం, పెట్టడం మానండి. రెండు వస్తువుల ఇనుముల మధ్య వోల్టేజీ తేడా ఉంటే ఆ చిన్న మెరుపుకే పోర్టు పోవచ్చు.

దీనికీ స్టాటిక్‌కూ సంబంధం లేదు. స్టాటిక్ అంటే రాపిడి వల్ల మన ఒంటి మీద పుట్టే కరెంటు. చేతికి చురుక్కుమని తెలియాలంటేనే దాదాపు మూడు వేల వోల్టులు కావాలి, చిప్పులకు అంతకంటే చాలా తక్కువ చాలు. అంటే తెలియకుండానే పాడు చేయొచ్చు. నూలు బట్టలు వేసుకోండి, పరుపు మీదో కార్పెట్ మీదో కాకుండా బల్ల మీద పెట్టుకోండి, కార్డు ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుమును ఒకసారి పట్టుకోండి. మధ్యలో లేచి వెళ్లొస్తే మళ్లీ పట్టుకోండి. స్టాటిక్ పోయేందుకు చేతికి కట్టుకునే రిస్ట్ స్ట్రాప్ కొనక్కర్లేదు.

క్యాబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టండి, మదర్‌బోర్డు కిందికి, తెరిచిన వైపు పైకి. ఇలా పెడితే కార్డు నిటారుగా పైకి నిలబడుతుంది, స్క్రూలు విప్పాక దాని బరువు స్లాట్‌ను కిందికి లాగదు. సగం భయం దీంతోనే పోతుంది.

మొదట బయటి వైర్లు. హెచ్‌డీఎంఐ అయితే నేరుగా వస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ అయితే ప్లగ్ మీద చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకునే లాగాలి. నొక్కకుండా గుంజితే కార్డు పోర్టే వంగుతుంది. తర్వాత లోపల కార్డుకు పైనుంచి వచ్చే పవర్ వైరు. ఇది మీరు పోయినసారి తీసినట్టు ఉత్తరంలో లేదు. మీ కార్డుకు మామూలుగా ఎనిమిది పిన్నుల ప్లగ్ ఉంటుంది. దాని ఒక పక్కన క్లిప్ ఉంటుంది. క్లిప్ పైభాగాన్ని బొటనవేలితో నొక్కి, ప్లగ్ ప్లాస్టిక్‌నే పట్టుకుని కొంచెం కొంచెంగా ఊపుతూ లాగండి. వైర్లు పట్టి లాగొద్దు. ఇది బిగుతుగానే ఉంటుంది, వేళ్లు నొప్పి పుడతాయి, అది సహజం. కార్డు కింద వాలిపోకుండా ఏదైనా ఊత పెట్టి ఉంటే అదీ తీయండి.

ఇప్పుడు వెనక స్క్రూలు, ఒక గిన్నెలో వేసుకోండి. ఒక్క స్క్రూ బోర్డు మీద పడి మిగిలిపోయినా ఆన్ చేసినప్పుడు షార్ట్ అవ్వొచ్చు. ఏదైనా జారిపడితే దొరికేదాకా ముందుకెళ్లొద్దు.

ఇప్పుడు లాక్. అది స్లాట్‌కు వెనక స్క్రూల వైపు కాకుండా ఆ రెండో చివర ఉంటుంది, కార్డు నీడలో. బోర్డును బట్టి రకరకాలుగా ఉంటుంది. కొన్ని కిందికి నొక్కితే తెరుచుకుంటాయి, కొన్ని పక్కకు జరపాలి. కొన్ని కొత్త బోర్డుల్లో దూరంగా ఒక బటన్ పెడుతున్నారు, అది నొక్కితే లాక్ వదిలేస్తుంది. మీ బోర్డు మోడల్ నంబరు బోర్డు మీదే అచ్చు వేసి ఉంటుంది, ఆ మాన్యువల్‌లో బొమ్మ చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. వేలు దూరకపోతే ఐస్‌క్రీమ్ పుల్లో, వాడేసిన టూత్‌బ్రష్ పిడో వాడండి. స్క్రూడ్రైవర్ వద్దు. అది జారిందంటే బోర్డు మీదున్న సన్నటి గీతలు తెగుతాయి, ఇక ఆ బోర్డును బాగు చేయడం కష్టం.

దీనికి మూడో చెయ్యి కావాలి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని లాక్ నొక్కి పట్టుకోమనండి, మీరు రెండు చేతులతో కార్డు తీయండి. ఆయన కోపం మీ మీద కాదు, కార్డు ఖరీదు మీద. ఆయనకు తెలియకుండా చేయడం వల్ల కోపం పెరిగింది. ఎదురుగా చేస్తుంటే చాలావరకు అదే తగ్గుతుంది.

ఒక చేత్తో వెనక ఇనుప పట్టీ దగ్గర, రెండో చేత్తో కార్డు ముందు అంచు దగ్గర పట్టుకోండి. ఫ్యాన్ రెక్కలు పట్టుకోవద్దు. రెండు చివరలూ సమానంగా, నిటారుగా పైకి లేపండి. బిగుతుగా ఉంటే పొడవు వెంబడి ఒక వైపు కొద్దిగా, మరో వైపు కొద్దిగా లేపొచ్చు. అడ్డంగా అటూ ఇటూ మాత్రం ఊపొద్దు. లాక్ తెరుచుకున్న కార్డు పెద్ద బలం లేకుండానే వస్తుంది. బలం కావాల్సి వస్తుంటే ఎక్కడో ఏదో పట్టుకుని ఉందని అర్థం, ఆగి టార్చ్ వేసి చూడండి. వెనక పట్టీ క్యాబినెట్ అంచుకు తగులుకుని ఉండటం కూడా మామూలే.

తీసిన కార్డు కింది బంగారు పళ్లను వేళ్లతో తాకకండి. ర్యామ్‌కు చేసినట్టు రబ్బరుతో రుద్దమని ఎవరో ఒకరు చెబుతారు. ఆ పూత చాలా పల్చన, పైగా రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. మురికి కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. దుమ్ము ఊదేట్లయితే ఫ్యాన్లు గిర్రున తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి.

కొన్నప్పటి పెట్టె అటక మీద ఉందేమో వెతకండి. ఉంటే కార్డు మెరిసే బూడిదరంగు యాంటీ స్టాటిక్ కవర్‌తో సహా అందులో పెట్టేయండి. లేకపోతే ఆ కవర్ కంప్యూటర్ షాపులో అడిగితే దొరుకుతుంది. మామూలు ప్లాస్టిక్ కవర్‌లోనూ, థర్మకోల్‌కు నేరుగా తగిలేలానూ పెట్టొద్దు. బిల్లు ఎవరి దగ్గరుందో అన్నయ్యను అడిగి దాని కాపీ కూడా పంపించమనండి.

ఈ మార్పిడి శనివారమే పెట్టుకోండి, ఆదివారం పొద్దున అతను వచ్చేదాకా ఆగొద్దు. చిన్న కార్డు స్లాట్‌లో పెట్టి, పూర్తిగా దిగేదాకా నొక్కి, స్క్రూ బిగించి, మానిటర్ వైరు ఆ కార్డుకే పెట్టండి. మదర్‌బోర్డు పోర్టుకు పెడితే తెర నల్లగానే ఉంటుంది. మొదట అక్షరాలు లావుగా, బొమ్మ మోటుగా కనిపిస్తుంది. డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాక సర్దుకుంటుంది. అసలు డిస్‌ప్లేనే రాకపోతే మళ్లీ ప్లగ్ తీసి కార్డు సరిగా కూర్చుందో లేదో చూడండి. అప్పటికీ రాకపోతే 3060నే మళ్లీ పెట్టి ఆన్ చేయండి. అది పని చేస్తే తేడా చిన్న కార్డుదే, షాపులో మార్పించుకోవచ్చు, రూమ్మేట్‌ను ఇంకో వారం ఆగమనొచ్చు. కార్డు తన కళ్లతో చూసుకునే తీసుకెళ్తానని అతనంటే, వచ్చాక అతన్నే పెట్టి చూసుకోమనండి. గేమ్స్ ఆడే మనిషికి అది తెలిసిన పనే.